ఆసుపత్రి ముంగిట గుడారాలు: మానసిక వైద్యంలో కుటుంబం పాత్ర

స్వాతంత్ర్యానంతరం, 1950 దశకంలో, పంజాబు రాష్ట్రంలోని అమృత్‌సర్ మానసిక చికిత్సాలయానికి వెళ్లినవారికి ఒక అరుదైన దృశ్యం కనిపించేది. ఆసుపత్రి భవనాల ముందున్న ఖాళీస్థలంలో గుడారాలు వేసి ఉండేవి. వాటిలో రోగులతోపాటు వారి తల్లులు, తండ్రులు, భార్యలు, అన్నదమ్ములు కూడా ఉండేవారు. రోగి అన్నపానాలు చూసుకోవడం, వేళకు మందు మింగించడం, రాత్రివేళ కనిపెట్టుకొని ఉండడం ఆ బంధువుల బాధ్యత. మనోవ్యాధిగ్రస్తుని ఇంటినుండి, ఊరినుండి వేరుచేసి ఎత్తయిన ప్రహరీగోడల వెనుక ఉంచడమే వైద్యమని భావించిన కాలంలో ఈ ఏర్పాటు ఒక గొప్ప మార్పునకు నాంది పలికింది. భారతీయ మనోవైద్య చరిత్రలో రోగితోపాటు కుటుంబానికి కూడా చోటు లభించినది ఈ గుడారాలలోనే.

గోడల వెనుక జీవితం

బ్రిటిష్ పాలనాకాలంలో మానసిక చికిత్సాలయాలు వైద్యాలయాలుగా కంటె నిర్బంధ గృహాలుగానే ఎక్కువగా పనిచేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1870 దశకం తొలినాళ్లలో మద్రాసు, కాలికట్, వాల్తేరులలో ఇటువంటి కేంద్రాలు వెలిశాయి. వీటిలో వాల్తేరులోని ఆసుపత్రి తెలుగు జిల్లాలకు ప్రధాన ఆధారమయింది. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి తరువాతి కాలంలో అటువంటి స్థానాన్నే పొందింది. వాల్తేరు, ఎర్రగడ్డ అనే ఊళ్ల పేర్లు తెలుగువారి వాడుకలో పరిహాసానికీ, నిందకూ మారుపేర్లయ్యాయి. ఆ పరిహాసం వెనుక ఒక భయం దాగి ఉంది. అక్కడికి వెళ్లినవారు తిరిగి ఇంటికి రారన్న నమ్మకమే ఆ భయానికి మూలం.

చట్టం సైతం ఆ నమ్మకానికి ఊతమిచ్చింది. 1912 నాటి భారత ఉన్మాద చట్టం ప్రకారం రోగిని ఆసుపత్రిలో చేర్చడానికి సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమయ్యేది. తమ కుమారునికో కుమార్తెకో జబ్బు చేసినదని చెప్పుకోవలసిన తల్లిదండ్రులు వైద్యుని గుమ్మం కంటె ముందు కచేరీ గుమ్మం తొక్కవలసి వచ్చేది. ఒకసారి ఆసుపత్రి తలుపు మూసుకున్న తరువాత వారు సందర్శకులుగా మాత్రమే మిగిలిపోయేవారు.

1946లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఆరోగ్య సర్వే సంఘం సమర్పించిన నివేదిక ఈ పరిస్థితిని వెల్లడించింది. ఆ సంఘం కోసం కల్నల్ మూర్ టేలర్ మానసిక ఆసుపత్రులను పరిశీలించి, వాటిలో అధికభాగం చికిత్సకు గాక నిర్బంధానికే పనికివచ్చే రీతిలో ఉన్నాయని అభిప్రాయపడ్డారు. దాదాపు 40 కోట్ల జనాభా ఉన్న నాటి దేశంలో మానసిక ఆసుపత్రులలోని పడకలు సుమారు 10,000 మాత్రమే. అనగా, గోడల వెనుకకు చేరినవారి కంటె ఇళ్లలోనే ఉండిపోయినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. వారిని సాకినది కుటుంబమే. కానీ ఆ కుటుంబానికి ఏమి చేయాలో చెప్పినవారు లేరు.

విభజన మిగిల్చిన గాయం

1947లో జరిగిన దేశవిభజన పంజాబులో లక్షలాది కుటుంబాలను చెల్లాచెదురు చేసింది. మానసిక రోగులు కూడా ఆస్తులవలె, దస్త్రాలవలె రెండు ప్రభుత్వాల మధ్య పంపకానికి గురయ్యారు. 1950లో లాహోరు ఆసుపత్రిలోని సుమారు 450 మంది హిందూ, సిక్కు రోగులు భారతదేశానికి రాగా, ఇక్కడి ముస్లిం రోగులు పాకిస్తానుకు పంపబడ్డారు. ఉర్దూ రచయిత సాదత్ హసన్ మంటో రచించిన ‘టోబా టేక్ సింగ్’ కథకు ఈ మార్పిడియే ఇతివృత్తం. తన ఊరు ఏ దేశంలో ఉన్నదో తెలియక తల్లడిల్లే రోగి ఆ కథలో ప్రధాన పాత్ర.

లాహోరు నుండి వచ్చిన రోగులు చేరినది అమృత్‌సర్‌కే. ఆ తరువాతి సంవత్సరాలలో అక్కడి మానసిక చికిత్సాలయానికి డాక్టర్ విద్యాసాగర్ పర్యవేక్షకులుగా ఉన్నారు. ఆసుపత్రి రోగులతో క్రిక్కిరిసి ఉండేది, సిబ్బంది స్వల్పం. కొత్తగా వచ్చినవారికి లోపల చోటు లేదు. అట్టి పరిస్థితిలో ఆయన సైన్యం నుండి పాత గుడారాలను సేకరించి ఆసుపత్రి ముందు వేయించారు. రోగి వెంట కుటుంబసభ్యులు ఉండాలని కోరారు. అవసరం నుండి పుట్టిన ఈ ఏర్పాటును ఆయన ఒక చికిత్సా విధానంగా మలిచారు.

గుడారాలు నేర్పిన పాఠాలు

విద్యాసాగర్ ప్రతిదినం బంధువులను సమావేశపరచి, వ్యాధి స్వభావాన్నీ, చికిత్సనూ వారికి అర్థమయ్యే భాషలో వివరించేవారు. దీనివలన మూడు ప్రయోజనాలు సిద్ధించాయి. మొదటిది, పిచ్చి కుదరదన్న పాత అపోహ తొలగడం. పక్క గుడారంలోని రోగి కొద్ది వారాలలో కోలుకొని ఇంటికి వెళ్లడం కళ్లారా చూసిన తల్లికి వేరే ఉపన్యాసం అవసరం లేకపోయింది. రెండవది, రోగితో ఎలా మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో, మందు ఎందుకు మానరాదో బంధువులు ప్రత్యక్షంగా నేర్చుకోవడం. మూడవది, కోలుకున్న వ్యక్తికి ఇంట్లో తన స్థానం నిలిచి ఉండడం. కుటుంబం వెంటనే ఉన్నందువలన అతడు ‘ఆసుపత్రి నుండి వచ్చినవాడు’గా గాక తమ వాడుగానే తిరిగివెళ్లేవాడు.

ఈ పద్ధతి విజయానికి కాలం కూడా కలిసివచ్చింది. 1950 దశకంలోనే క్లోర్‌ప్రోమజిన్ వంటి ఔషధాలు వాడుకలోకి వచ్చి, తీవ్రమైన లక్షణాలను అదుపులోకి తేవడం సాధ్యమయింది. అంతకుమించి, రోగి వెంట బంధువులుండడం ఈ దేశ ప్రజలకు కొత్త విషయం కాదు. మనోవ్యాధికి గురైనవారిని దేవాలయాలకు, దర్గాలకు తీసుకువెళ్లి, వారితోపాటు కుటుంబమంతా అక్కడ ‘నిద్ర చేయడం’ తెలుగునాట పూర్వం నుండి ఉన్న ఆచారం. క్షేత్రంలో ఉన్న తోడు ఆసుపత్రిలో కరవయింది. విద్యాసాగర్ ఆ తోడునే ఆధునిక వైద్యంలోకి ఆహ్వానించారు. అమృత్‌సర్ ఆసుపత్రికి తరువాతి కాలంలో ఆయన పేరే పెట్టబడింది.

ఇదే దశాబ్దంలో దక్షిణాదిన వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల కూడా ఈ మార్గంలోనే నడిచింది. 1957లో ప్రారంభమైన అక్కడి మానసిక ఆరోగ్య కేంద్రం, చికిత్సాకాలంలో కుటుంబసభ్యులు రోగితో కలిసి ఉండడాన్ని తన విధానంగా చేసుకుంది. పొరుగునే ఉన్న చిత్తూరు జిల్లా నుండి, ఇతర తెలుగు ప్రాంతాల నుండి వైద్యానికి వెల్లూరు వెళ్లే కుటుంబాలకు ఈ కేంద్రం చిరపరిచితమే.

యౌవనంలో తలెత్తే వ్యాధి

ఈ చరిత్రకు యువతరంతో గాఢమైన సంబంధం ఉంది. స్కిజోఫ్రీనియా వంటి తీవ్ర మానసిక వ్యాధులు ఎక్కువగా కౌమారం చివరి దశలోనో, నవయౌవనంలోనో తలెత్తుతాయి. చదువు పూర్తికావలసిన, ఉద్యోగమో వివాహమో కుదరవలసిన వయసు అది. కాబట్టి గుడారంలో రోగి పక్కన కూర్చున్నది చాలా సందర్భాలలో తల్లిదండ్రులే. కుటుంబం ఆశలన్నీ పెట్టుకున్న బిడ్డే కుటుంబంపై ఆధారపడవలసి రావడం ఈ వ్యాధి తెచ్చే విషాదం.

కుటుంబం తోడు నిజంగా మేలు చేస్తుందా అన్న ప్రశ్నను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1960 దశకం చివర తొమ్మిది దేశాలలో ప్రారంభించిన అధ్యయనంలో ఆగ్రా ఒక కేంద్రం. కొన్నేళ్ల తరువాత పరిశీలించగా, సంపన్న దేశాలలోని రోగుల కంటె భారతదేశం, నైజీరియా వంటి దేశాలలోని రోగులు మెరుగుగా కోలుకున్నట్లు తేలింది. అనంతరం చండీగఢ్‌లో జరిగి 1987లో ప్రచురితమైన మరొక అధ్యయనం ఇందుకు ఒక కారణాన్ని సూచించింది. లండను కుటుంబాలతో పోలిస్తే చండీగఢ్ కుటుంబాలలో రోగిపట్ల నిష్ఠూరాలు, ఎత్తిపొడుపులు తక్కువగా ఉన్నాయి. అవి తక్కువగా ఉన్న ఇళ్లలో వ్యాధి తిరగబెట్టడమూ తక్కువే. ఈ ఫలితాలను అన్ని ప్రాంతాలకూ వర్తింపజేయరాదని తరువాతి పరిశోధకులు హెచ్చరించారు. ఆ హెచ్చరిక సమంజసమైనదే. ఏమైనా, ఇంటిలోని మాటతీరు సైతం చికిత్సలో భాగమేనని ఈ అధ్యయనాలు గుర్తింపజేశాయి.

ఆసుపత్రి నుండి పల్లెకు

కుటుంబం ఆసుపత్రికి రాగలిగినప్పుడు వైద్యం కుటుంబం వద్దకు ఎందుకు వెళ్లరాదన్నది తరువాతి ప్రశ్న. 1975లో చండీగఢ్ వైద్యులు హర్యానాలోని రాయ్‌పూర్ రాణీ వద్ద, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ (నిమ్హాన్స్) వైద్యులు సకలవార వద్ద గ్రామీణ మానసిక వైద్యానికి శ్రీకారం చుట్టారు. ఈ అనుభవాల ఆధారంగా 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపొందింది. 1985లో కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో నమూనా పథకం ఆరంభమయింది. పూర్వపు దత్తమండలాలలో ఒకటైన బళ్లారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ముఖ్యమైన మందులను అక్కడే అందుబాటులో ఉంచడం ఆ పథకం సారాంశం. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో తొలుత నాలుగు జిల్లాలలో మొదలైనప్పుడు, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లా వాటిలో ఒకటి.

మోసేవారి భారం

అయితే కుటుంబం అక్షయపాత్ర కాదు. ఈ సత్యాన్ని కొలిచి చూపిన పరిశోధన కూడా భారతదేశంలోనే జరిగింది. 1981లో బెంగళూరుకు చెందిన ఎస్. పాయ్, ఆర్.ఎల్. కపూర్ అనే పరిశోధకులు మనోరోగి కుటుంబం మోసే భారాన్ని లెక్కించే ప్రశ్నావళిని రూపొందించారు. ఆర్థిక నష్టం, దైనందిన జీవితానికి అంతరాయం, విరామం కరవు కావడం, కుటుంబ సంబంధాలు చెదరడం, ఇతరుల శారీరక ఆరోగ్యం, వారి మానసిక ఆరోగ్యం అనే ఆరు అంశాలను అది పరిశీలిస్తుంది. అన్న వైద్యానికి అప్పు తెచ్చిన ఇంట్లో తమ్ముని చదువు ఆగిపోవడం, అక్క జబ్బు సంగతి బయటపడుతుందని చెల్లెలి పెళ్లి మాటలు వాయిదా పడడం ఈ లెక్కలోకే వస్తాయి. ఈ భారంలో పెద్దపాలు సాధారణంగా తల్లి మీదనే పడుతుంది.

భారం మోయలేని కుటుంబాలకు ఆసరా లేనప్పుడు ఏమి జరుగుతుందో 2001 ఆగస్టు 6న దేశమంతా చూసింది. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రయంలో అగ్నిప్రమాదం సంభవించి 28 మంది మరణించారు. రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున తప్పించుకోలేకపోయారు. వారిని అక్కడ చేర్చినదీ కుటుంబాలే. ఆ కుటుంబాలను నిందించడం సులభం. కానీ వారి ఊరికి దగ్గరలో వైద్యుడు గాని, మందు గాని, సలహా చెప్పే కార్యకర్త గాని ఉన్నారా అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న.

ఈ లోటును కొంతైనా తీర్చడానికి స్వచ్ఛంద సంస్థలు ముందుకు వచ్చాయి. చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కిజోఫ్రీనియా పరిశోధనా సంస్థ (స్కార్ఫ్) రోగులకు పునరావాసంతోపాటు కుటుంబాలకు అవగాహన కల్పించడాన్ని తన కర్తవ్యంగా స్వీకరించింది. ‘మా తరువాత బిడ్డను ఎవరు చూస్తారు?’ అన్న తల్లిదండ్రుల ప్రశ్న ఇటువంటి సంస్థలన్నింటికీ చిరపరిచితం. దానికి సంపూర్ణమైన సమాధానం నేటికీ లభించలేదు.

చట్టంలో చేరిన తోడు

2017లో పార్లమెంటు ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి సంవత్సరం అమలులోకి వచ్చింది. రోగులను గొలుసులతో బంధించడాన్ని అది నిషేధించింది. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా పరిగణించి, సంరక్షణ కల్పించాలని నిర్దేశించింది. మైనరును ఆసుపత్రిలో చేర్చినప్పుడు పెద్దల నుండి వేరుగా ఉంచాలనీ, అతని ప్రతినిధి లేదా ఆ ప్రతినిధి నియమించిన సహాయకులు చికిత్సాకాలమంతా వెంట ఉండాలనీ విధించింది. ప్రతినిధి పురుషుడైన పక్షంలో బాలికకు మహిళా సహాయకురాలు ఉండాలి. ఒకనాడు చోటు చాలక వేసిన గుడారంలోని తోడు, ఆరు దశాబ్దాల అనంతరం చిన్నవారి విషయంలో చట్టబద్ధమయింది.

అవసరం మాత్రం తగ్గలేదు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుండి 17 సంవత్సరాల వయసువారిలో సుమారు 7.3 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నట్లు అంచనా వేసింది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ‘టెలి మానస్’ సేవను ప్రారంభించి, 14416 సంఖ్యకు ఫోను చేసినవారికి వివిధ భాషలలో సలహా అందే ఏర్పాటు చేసింది. రోగులే గాక వారి తల్లిదండ్రులు కూడా ఆ సంఖ్యను ఆశ్రయించవచ్చు.

ఉమ్మడి కుటుంబాలు తగ్గి, బిడ్డ చదువు ఒక ఊళ్లో, తండ్రి కొలువు మరొక ఊళ్లో సాగుతున్న కాలమిది. విద్యాసాగర్ నాటి రోగి వెంట నలుగురు బంధువులు వచ్చి ఉంటే, నేడు ఒక్క తల్లి రావడమే గగనం కావచ్చు. ఆయన బంధువులను గుడారంలోకి పిలిచి ఊరుకోలేదు. ప్రతిదినం వారితో మాట్లాడారు, నేర్పారు, ధైర్యం చెప్పారు. నేటి ఆసుపత్రులూ, ఆరోగ్యకేంద్రాలూ, పాఠశాలలూ కుటుంబం నుండి తోడును కోరుతున్నాయి. ఆ కుటుంబానికి తోడుగా నిలిచే బాధ్యతను కూడా అవి స్వీకరించినప్పుడే అమృత్‌సర్‌లో ఆరంభమైన కృషి కొనసాగినట్లవుతుంది.