చమ్మకారుడు విధికుడు (ధమ్మ నేల మీద – 6)



పోయిన ఆదివారం మా డిగ్రీ పిల్లల్ని అమరావతి తీసుకెళ్లాను. బస్సు దిగగానే సగం మంది అమరేశ్వరాలయం వైపు నడిచారు. వాళ్ల తప్పు కాదు. ఊరి పేరు చెప్తే ముందు ఆ గుడే గుర్తొచ్చేలా పెంచాం.

మహాచైత్యం దగ్గర ఇప్పుడు మిగిలింది గుండ్రటి ఇటుక దిమ్మె, చుట్టూ విరిగిన రాళ్లు. ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవాళ్లు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కొత్త పట్నం కట్టడానికి ఇటుకల కోసం దాన్ని తవ్వారు. 1798లో మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. కొన్ని రాళ్లు సున్నమైపోయాయి. మన ఊరి శిల్పం చూడాలంటే మనకి వీసా కావాలి!

స్తూపాలు రాజులు కట్టించారని పాఠాల్లో చదివాం. ఇక్కడి దాన శాసనాల్లో భిక్షుణులున్నారు, సుగంధాలమ్మే వర్తకులున్నారు. ఒక శాసనం జెరాక్స్ తీసి పట్టుకెళ్లాను. ప్రాకృతం, బ్రాహ్మీ లిపి. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు, చమ్మకారుడు విధికుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, చుట్టాలూ స్నేహితులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక దానమిచ్చాడని దాని సారాంశం.

చమ్మకారుడంటే తోలుపని చేసేవాడు. ఆ పని పేరు దాచుకోకుండా రాతి మీద చెక్కించుకున్నాడు. కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడు, మనలాగే. ఆ తాత చదువు చెప్పేవాడు. తెలుగులో పీహెచ్‌డీ చేశాను, ఏ క్లాసులోనూ ఈ విధికుడి పేరు వినలేదు.

విధికుణ్ణి మాదిగ అని రాసేస్తే లైకులొస్తాయి. నేను రాయను. ఆనాటి వృత్తి, ఈనాటి కులం ఒకటేనని ఆ రాయి చెప్పదు. తోలు ముట్టిన చెయ్యి ఆరోజు మహాచైత్యాన్ని మైలపరచలేదని మాత్రం చెప్తుంది. నాకు అది చాలు.

2018లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మధ్యలో ఉన్న పూర్ణఘటానికి మూలంగా చెప్పేది ఈ విధికుడి పలకనే. ఈ మాట అనగానే ఒకమ్మాయి ఫోన్‌లో తన కుల ధ్రువీకరణ పత్రం తెరిచి ముద్రను పెద్దది చేసి చూసింది. వాళ్ల నాన్న చెప్పులు కుడతాడు.

"మరి మనం అంటరానివాళ్లం ఎప్పుడయ్యాం సార్?" అంది.

బాబాసాహెబ్ 1948లో 'ది అన్‌టచబుల్స్' రాసింది ఈ ప్రశ్న మీదే. బౌద్ధాన్నీ గొడ్డుమాంసాన్నీ వదలని వాళ్లే వెలిపాలయ్యారని, అంటరానితనం క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందని ఆయన వాదన. ఆ పుస్తకం పిల్లలకిచ్చాను. వచ్చే భాగంలో మనమూ చదువుదాం.