బొద్దుబిడ్డల కథ

మన అవ్వలవలెనే మెక్సికో అవ్వలును బొద్దుబిడ్డయే ఆరోగ్యవంతుడని తలచిరి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి తిని పొలమున శ్రమించిన నాడు, ఆకలి వెన్నాడిన నాడు, ఆ తలంపు సబబే. ఆ కుటుంబములు బ్రతుకుతెరువుకై అమెరికా సంయుక్త రాష్ట్రములకు వలసపోగా పరిస్థితి తారుమారైనది. పేదల పేటలలో ఆటస్థలములు కొఱవడినవి. తీపి పానీయము చవుకైనది. 2017-2020 నాటి ఆరోగ్యపరీక్షలలో ఆ దేశపు పిల్లలలో నూటికి ఇంచుమించు 20 మంది, లాటినో పిల్లలలో 26 మంది స్థూలకాయులని తేలినది.

తప్పు తల్లిదే యనుట మనకు సులభము. కాని 2009లో అచ్చటి ప్రభుత్వము పేద తల్లీబిడ్డల కిచ్చు ఆహారమున పండ్లు, కూరలు చేర్చినది. ఆ సాయమందు 2-4 ఏండ్ల పిల్లలలో స్థూలకాయము 2010లో 15.9 శాతముండగా, 2016 నాటికి 13.9 శాతమునకు దిగినది. తల్లికి బోధించుటకు ముందు ఆమెకు అందుబాటులోనున్న అంగడిని మనము చూడవలెను.