అచ్చోసిన ఆంబోతు, అచ్చయిన గుర్రం

మన పక్క పల్లెల్లో పనీపాటా లేకుండా ఊరు తిరిగేవాణ్ణి ఇప్పటికీ 'అచ్చోసిన ఆంబోతు' అని తిడతారు. తిట్టు మిగిలింది గానీ అచ్చు వేయడం పోయింది. ఇంటి పెద్ద ఎవరైనా కాలం చేస్తే వాళ్ల పేరున మంచి కోడెదూడను ఎంచి, తొడ మీద శూలమో చక్రమో కాల్చి అచ్చువేసి, దేవుడి పేరు చెప్పి వదిలేసేవాళ్లు. అది ఎవరి చేలో పడినా కొట్టకూడదు. ఊళ్లో ఎదకొచ్చిన ఆవులన్నిటికీ అదే దిక్కు. ఏ ఆవు కడుపున పుట్టిందో, ఆ ఆవు పూటకు ఎన్ని పాలిచ్చేదో ఊరందరికీ నోటికి వచ్చు. కాబట్టి దాని గొప్ప ఎవరూ చాటాల్సిన పని లేదు.

ఆ చాటింపే లేకపోతే పని జరగని సీమ ఒకటి ఉండేది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, అందులో హంటర్ నది లోయ. ఇంత దూరపు ఊరు మనకెందుకు అంటారేమో. మన హోసూరు పక్కన మత్తిగిరి ఫారం 1824లో కుంపిణీ సైన్యపు గుర్రాల డిపోగా మొదలైందని మీలో చాలామందికి తెలుసు. అక్కడికి వచ్చిన గుర్రాల్లో కొన్నిటి పుట్టిల్లు ఆ సీమ.

హంటర్ లోయలో వొనరువా అనే ఆదివాసులు తరతరాలుగా ఉండేవాళ్లు. వాళ్లను తరిమేసి, ఆ నేలను ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల నుంచి వచ్చినవాళ్లకు పంచిపెట్టారు. కొత్తగా వచ్చినవాళ్లకు పక్క పొలం ఆసామి ఎవరో తెలియదు, అతని గుర్రం ఏ జాతిదో అసలే తెలియదు. 1788లో తొలి ఓడలతో ఆ ఖండానికి చేరిన గుర్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అరవై డెబ్భై ఏళ్లు తిరిగేసరికి దున్నడానికి, బండికి, పశువులను తోలడానికి, చర్చికి పోవడానికి అన్నిటికీ గుర్రమే. మనకు ఎద్దు ఎట్లాగో వాళ్లకు గుర్రం అట్లాగ.

రైతుకు ఒకటో రెండో ఆడగుర్రాలు ఉండేవి. మగగుర్రాన్ని ఇంట్లో కట్టుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. అది కంచెలు విరుస్తుంది, కరుస్తుంది, ఏడాదంతా తిని నాలుగు నెలలే పనికొస్తుంది. అందుకే మామూలు మగగుర్రాలకు వృషణాలు తీయించి పనిలో పెట్టేవాళ్లు. మంచి విత్తనపు గుర్రాన్ని కాస్త స్తోమత ఉన్న ఆసామి ఒకడు కొనిపెట్టుకుని, చుట్టుపక్కల ఆడగుర్రాలను దాటించి డబ్బు తీసుకునేవాడు. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఆ నాలుగు నెలల్లో పదుల కొద్దీ ఆడగుర్రాలు రావాలి. అవి రావాలంటే గుర్రం సంగతి పేపర్లో పడాలి.

1843లో మొదలైన మెయిట్లాండ్ మెర్క్యురీ పత్రిక పాత సంచికలను ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్లు ట్రోవ్‌లో పెట్టారు. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు. మేం ఇంట్లో కూర్చుని అవి తిరగేస్తూ రాత్రిళ్లు గడిపాం. అక్కడి వసంతకాలం మన పెరటాసి, అంటే సెప్టెంబరు ప్రాంతం. ఆగస్టు రాగానే గుర్రాల ప్రకటనలు దిగుతాయి, సంవత్సరం ముగిసేదాకా ప్రతి సంచికలోనూ అవే అచ్చవుతాయి. పైన చిన్న చెక్క అచ్చు బొమ్మ, మెడ వంచి నిలబడ్డ గుర్రం. ప్రెస్సులో ఉండే బొమ్మలు ఒకటో రెండో, కాబట్టి నల్ల గుర్రానికీ తెల్ల గుర్రానికీ, పరుగు గుర్రానికీ నాగలి గుర్రానికీ ఒకే బొమ్మ పడుతుంది. చూస్తే నవ్వొస్తుంది. మన పెళ్లి పత్రికల మీద వినాయకుడు లేడూ, అట్లా అనుకోండి.

బొమ్మ కింద మొదట పేరు, రంగు, ఎత్తు. ఎత్తును 'చేతుల'లో చెబుతారు, చెయ్యి అంటే నాలుగు అంగుళాలు. తరవాత తండ్రి, తాత, ముత్తాత. ఆపైన ఏ రైతు ప్రదర్శనలో ఏ బహుమతి వచ్చిందో ఉంటుంది. అన్నిటికన్నా కింద రేటు: మామూలు గుర్రానికి రెండు మూడు గినీలు, పేరుమోసిన దానికి ఇంకా పైన. గినీ అంటే 21 షిల్లింగులు. సాయీసు మామూలు వేరే. దూరం నుంచి వచ్చిన ఆడగుర్రాన్ని బీట్లో మేపుతారు, దాని డబ్బులు కొన్నిచోట్ల విడిగా కట్టాలి. జాగ్రత్తగా చూస్తాం గానీ ప్రమాదాలకు మాది పూచీ కాదని ఒక వాక్యం ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. పిల్ల కలిగితేనే డబ్బు అని ధైర్యంగా రాసినవాళ్లూ ఉన్నారు. అట్లాంటి ఆసామి దగ్గరికే మేమైతే తోలుకుని పోయుండేవాళ్లం.

కొన్ని గుర్రాలు ఇంటిపట్టునే ఉండేవి, కొన్ని ఊళ్లు తిరిగేవి. తిరిగే గుర్రం ప్రకటన బస్సుల టైంటేబులు మాదిరి ఉంటుంది. సోమవారం ఫలానా సత్రం, మంగళవారం ఫలానా వాగు దగ్గరి హోటలు, శనివారానికి మళ్లీ ఇంటికి. సాయీసు ఒక పొట్టి గుర్రమెక్కి దీన్ని పక్కన నడిపించుకుంటూ పోతాడు. ఈ తిరుగుడులో లెక్క ఉంది. ఆడగుర్రం దాదాపు 21 రోజులకోసారి ఎదకొస్తుంది, ఆ ఎద వారం లోపే పోతుంది. వారం వారం అదే దారిన వస్తే ఆడగుర్రాలు తప్పిపోవడం తక్కువ. కట్టిందో లేదో మూడు వారాలకు తిరిగి వచ్చి చూసుకోవచ్చు కూడా. అదే ప్రకటనను చిన్న కార్డుగా వేయించి కమ్మరి కొట్టు తలుపుకీ, సత్రం గోడకీ కొట్టేవాళ్లు.

ఆస్ట్రేలియన్ స్టడ్ బుక్ తొలి సంపుటం వచ్చింది 1878లో. అంతకు ముందు అక్కడ పుట్టిన గుర్రానికి వంశం అంటే చాలావరకు ఆసామి చెప్పిందీ, పేపర్లో అచ్చయిందీ. ముత్తాతల దాకా పేర్లు అంత పట్టుగా ఎందుకు రాశారో మాకు ఇక్కడే అర్థమైంది. నోటికి చెప్పే ఊరు వెనక లేనివాడు కాగితం చూపించాలి. మనం మాత్రం? సొంత సీమలో ఉన్నవాడు ఇంటిపేరు చెబితే చాలు, మిగతాది ఎదుటివాడే చెబుతాడు. మనలాగా తరాల కిందట కొండ దిగి వచ్చి తమిళం, కన్నడం మధ్య స్థిరపడినవాళ్లు సంబంధానికి పోతే ఇంటిపేరు, గోత్రం, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్ని తరాలైంది అన్నీ వరసగా అప్పజెప్పాలి.

ఆ ప్రకటనల్లో ఇంకొకటి చూసి మేం ఆగిపోయాం. తండ్రి వైపు పేర్లన్నీ ఉంటాయి. తల్లి దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు ఆమె పేరు ఉండదు, 'ఫలానా గుర్రం కూతురు' అని మాత్రం ఉంటుంది. మా ఇంట్లో రాసిపెట్టుకున్న వంశావళి తీసి చూశాం. ఏడు తరాల మగవాళ్ల పేర్లు ముత్యాల్లాగా ఉండాయి. ఆడవాళ్లు వచ్చిన చోటల్లా 'ఫలానా వారి ఆడపడుచు' అంతే. గుర్రాలతో మనుషుల్ని పోలుస్తారా అని కోప్పడకండి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మీరే చూడండి. మా నాలుగో తరం అవ్వ పేరు తెలిసినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

ఇక ఆ పిల్లలు హోసూరుకు ఎట్లా వచ్చాయి? న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చాయి కాబట్టి ఇక్కడి దొరలు వాటికి 'వేలర్' అని పేరు పెట్టారు. మద్రాసుకు 1830లు, 40ల నుంచి ఓడలు రావడం పెరిగింది, 1857 తిరుగుబాటు తరవాత సైన్యానికి గుర్రాల గిరాకీ ఇంకా హెచ్చింది. ఆ సంగతి హంటర్ లోయ రైతుకూ తెలుసు. ఇండియా బజారుకు పనికొచ్చే పిల్లలు పుడతాయని ప్రకటనల్లోనే రాసేవాళ్లు. లెక్కేసి చూడండి. 1860 సెప్టెంబరులో ఒక ప్రకటన చూసి రైతు ఆడగుర్రాన్ని తోలుకుపోయాడనుకుందాం. చూలు పదకొండు నెలలు, 1861 ఆగస్టులో పిల్ల. నాలుగైదేళ్లు పెరిగాక దళారీ కొని ఓడ ఎక్కిస్తే 1866 ప్రాంతంలో మద్రాసు. అప్పటికి అక్కడ హార్బరు లేదు, ఓడ దూరాన ఆగితే అలలు దాటి ఒడ్డుకు చేరాలి.

సముద్రం మీద చిక్కిపోయి వచ్చినదాన్ని నేరుగా యుద్ధానికి పంపలేరు. సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్న హోసూరు చల్లగా ఉంటుంది, గడ్డి ఉంది, బెంగళూరు దండు దగ్గర. ఇక్కడ మేపి, జీను అలవాటు చేసి పటాలాలకు పంపేవాళ్లు. డిపోకు గడ్డి కోసి మోసినవాళ్లూ, ఉలవలు తోలినవాళ్లూ మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లే అని మా తాతలు చెప్పేవాళ్లు. మెట్టచేలో రాగి పక్కన పండే ఉలవలను ఉడకబెట్టి దాణాగా పెట్టేవాళ్లు. భుజం మీద కాల్చిన అచ్చు చూసి 'ఇదేం దేవుడి గుర్తప్పా' అని మనవాళ్లు అనుకునేవాళ్లట. అది దాన్ని పెంచిన ఆసామి గుర్తు.

మోటార్లు వచ్చాక ఇదంతా తగ్గిపోయింది. 1916లో మత్తిగిరి ఫారం సైన్యం చేతి నుంచి పశువైద్య శాఖకు వచ్చి, గుర్రాల తావులో పశువులు నిండాయి. హంటర్ లోయలో ట్రాక్టర్లు దిగేకొద్దీ పేపర్లో గుర్రాల కాలం చిక్కిపోయింది.

ఆంబోతూ పోయింది. ఇప్పుడు ఆవు ఎదకొస్తే పశువుల ఆసుపత్రికి తోలుకుపోయి సూది వేయిస్తారు. ఏ కోడె విత్తనమో చెప్పే పట్టికలు అచ్చులో ఉంటాయి. కోడెకు చాలావరకు పేరుండదు, నంబరే. ఆ నంబరు పక్కన రైతు వెతికేది దాని తల్లి ఒక ఈతకు ఎన్ని లీటర్ల పాలిచ్చిందనే లెక్క.