ఏకాదశి యేనాడు? — పంచాంగ భేదముల చరిత్ర



"పంతులుగారూ, పండుగ నేడా, రేపా?" ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పిన నన్ను, పిల్లలు వేసిన ప్రశ్నలన్నిటికంటె పెద్దలు వేసిన ఈ యొక్క ప్రశ్నయే యెక్కువగా వేధించినది. దీనికి చరిత్రలో గల సమాధానమును నేడు మీ ముందుంచెదను.

నా చిన్ననాటి సంగతి యొకటి మొదట మనవి చేసెదను. మా యూరిలో ఇద్దరు పురోహితులుండిరి. ఒకరిది పూర్వసిద్ధాంత పంచాంగము, రెండవవారిది దృక్సిద్ధాంత పంచాంగము. ఒక కార్తిక మాసమున శుద్ధ ఏకాదశి ఒకరి లెక్కకు నేడును, ఇంకొకరి లెక్కకు మఱునాడును అయినది. ఊరు రెండు పక్షములైనది. మా నాయనమ్మకు అప్పటికి ఎనుబది రెండేండ్లు. ఏనాటిది తప్పిన ఏమి దోషమో యని ఆమె రెండు దినములును మంచినీళ్లతోనే గడపినది. మూడవనాటి యుదయమున నూతికడ సొమ్మసిల్లి పడినది. ప్రాణము దక్కినది గాని ఆ చలికాలమంతయు మంచము దిగలేదు. ఇద్దరు పురోహితులును శిష్టులే, ఇద్దరును వచ్చి ఆమెను చూచి కంట నీరు పెట్టుకొనిరి. అయినను మఱుసటి యేడు మరల అదే వివాదము!

ఈ భేదము తెలియవలెనన్న తిథి యనగా నేమో మొదట తెలియవలెను. తిథి యనగా దినము కాదు. అమావాస్య ముగియునప్పుడు సూర్యచంద్రు లొక్క చోట నుందురు. అచ్చటనుండి చంద్రుడు సూర్యుని విడిచి ముందునకు సాగును. ఆకాశచక్రమున 360 భాగలు. చంద్రుడు సూర్యునికి 12 భాగల దూరమగువఱకు పాడ్యమి, 24 భాగలగువఱకు విదియ, ఇట్లు ముప్పది తిథులు. చంద్రుడు భూమికి చేరువగా నున్నపుడు వడిగాను, దూరముగా నున్నపుడు మెల్లగాను నడచును. అందుచేత ఒక తిథి సుమారు 20 గంటలకే ముగియవచ్చును, ఇంకొకటి దాదాపు 27 గంటలు నడువవచ్చును. దినమో, సూర్యోదయమునుండి సూర్యోదయము వఱకు. కావున ఒకే తిథి రెండు సూర్యోదయములను చూచుటయు, ఒక్క సూర్యోదయమును చూడకయే గడచిపోవుటయు కలదు. మొదటిది వృద్ధి, రెండవది క్షయము.

ఇక పండుగలన్నియు సూర్యోదయపు తిథినే కోరవు. ఉగాదికి సూర్యోదయమున పాడ్యమి యుండవలెను. శ్రీరామనవమికిని, వినాయక చవితికిని మధ్యాహ్నము ప్రధానము. దీపావళికి ప్రదోషమున అమావాస్య కావలెను. శివరాత్రికి నడిరేయి చతుర్దశి కావలెను. ఈ నిర్ణయములను విడదీసి చెప్పుటకే మన పెద్దలు గొప్ప గ్రంథములు వ్రాసిరి. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి చతుర్వర్గచింతామణిని, 14వ శతాబ్దమున విజయనగర కాలపు మాధవాచార్యులు కాలమాధవమును, 1612లో కాశీక్షేత్రమున కమలాకరభట్టు నిర్ణయసింధువును రచించిరి. 1790 ప్రాంతమున కాశీనాథోపాధ్యాయుడు రచించిన ధర్మసింధువు నేటికిని మన పురోహితుల చేతిపుస్తకము.

ఏకాదశి విషయమున ఇంకొక భేదము కలదు. సూర్యోదయమునకు ముందు నాలుగు ఘడియలు అరుణోదయ కాలము. ఆ వేళ దశమి తగిలినచో వైష్ణవులు ఆనాడుపవసింపక మఱునాడుపవసింతురు. స్మార్తులు సూర్యోదయమును మాత్రమే చూతురు. ఇది ఆచార భేదము గాని గణిత భేదము కాదు. ఇందు తగవు లేదు, ఎవరి సంప్రదాయము వారిది. మా యూరి తగవు ఇది కాదు. ఒకే సంప్రదాయమువారికి, దశమి యెప్పుడు ముగిసినదన్న లెక్కయే రెండు విధములైనది. అది యేల?

మన కాలగణితము ఒక్కనాడు పుట్టి అట్లే నిలిచినది కాదు. లగధుని పేర వెలసిన వేదాంగ జ్యోతిషము ఐదేండ్లను ఒక యుగముగా తీసికొని, అందు రెండు అధికమాసములను కూర్చినది. చాంద్ర వత్సరము సుమారు 354 దినములు, సౌర వత్సరము 365. ఏటేట పడు పదునొకండు దినముల వెలితిని అధికమాసముతో పూడ్పకున్నచో మన యుగాది వసంతమును విడిచి వానలలోనికిని, చలిలోనికిని తిరిగిపోయెడిది. పిమ్మట ఆర్యభటుడు 499లో మఱింత సూక్ష్మమైన గణితమును చెప్పెను. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు తనకు ముందున్న ఐదు సిద్ధాంతములను పోల్చి చూచి పంచసిద్ధాంతికను వ్రాసెను. నేటి పూర్వపద్ధతి పంచాంగములకు మూలము సూర్యసిద్ధాంతము. గ్రహగణితము కంటికి కనబడు స్థితితో సరిపోవలెనని ఆ సూర్యసిద్ధాంతమే చెప్పుచున్నది. ఈ మాట మఱువరాదు.

అయితే ఆ లెక్కలో ఒక చిక్కు కలదు. పూర్వులు చంద్రగతికి చేసిన సవరణ ముఖ్యముగా గ్రహణములతో సరిచూచినది. గ్రహణములు పున్నమకును అమావాస్యకును మాత్రమే వచ్చును. కావున ఆ దినములలో పాత లెక్క చక్కగా సరిపడును. సూర్యుని ఆకర్షణచేత చంద్రగతికి కలుగు రెండవ మార్పు ఒకటి కలదు. అష్టమి చాయల అది బాగుగ బయటపడును. పాత లెక్కలో అది చేరలేదు. అందుచేత పక్షము నడుమ తిథులు ముగియు వేళలలో కొన్ని గంటల భేదము వచ్చును. అరువది ఘడియల తిథి ఐదు పెరుగును, ఆఱు తగ్గునని పూర్వగణితము. ఏడు పెరుగును, పది తగ్గునని దృగ్గణితము. మా నాయనమ్మ రెండు దినముల పస్తునకు మూలము ఈ కొన్ని ఘడియలే.

ఈ రెండవ సవరణ పరదేశమునుండి వచ్చినదని కొందఱు దృగ్గణితమును వెలివేయుదురు. ఆ మాట నిలువదు. 10వ శతాబ్దమున ముంజాలుడు లఘుమానసమను చిన్న గ్రంథములో ఇట్టి సవరణనే చెప్పెను. కేరళదేశమున పరమేశ్వరుడు అనేక సంవత్సరములు గ్రహణములను కన్నులార చూచి 1431లో దృగ్గణితమను పేరనే గ్రంథము రచించెను. మన పొరుగుననున్న ఒడిశాలో, ఖండపడా వాసి సామంత చంద్రశేఖరుడు వెదురుబద్దలతో చేసికొన్న పరికరములతో ఆకాశమును చూచి, చంద్రగతి భేదములను తనంత తానే కనుగొని సిద్ధాంతదర్పణమును రచించెను. అది 1899లో అచ్చయినది. చెన్నపట్టణపు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు దృగ్గణిత పంచాంగమును ప్రకటించి, 1880లో దివంగతులగువఱకు దానికై పాటుపడిరి.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1952లో భారత ప్రభుత్వము మేఘనాద సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘమును నియమించెను. ఆ సంఘము దేశమందలి నానా పంచాంగములను తెప్పించి పరిశీలించి 1955లో నివేదిక సమర్పించినది. దానిననుసరించి 1957 మార్చి 22వ తేదీనుండి శకవర్ష రాష్ట్రీయ పంచాంగము ఆచరణలోనికి వచ్చినది. తిథులను దృగ్గణితముచేతనే కట్టవలెననియు, లెక్కకు 82½ భాగల రేఖాంశమును కేంద్రముగా గొనవలెననియు సంఘము సూచించినది. ఆ రేఖ మన కాకినాడ సమీపముననే పోవుచున్నది.

పూర్వసిద్ధాంతము పట్టువారి వాదమును త్రోసిపుచ్చుట నా యుద్దేశము కాదు. వ్రతఫలము కంటికి కనబడనిది. కావున ఋషిప్రోక్తమైన లెక్కయే దానికి ప్రమాణమని వారందురు. తండ్రితాతలు నడచిన త్రోవను విడువలేని గౌరవము అందు గలదు. కాని వారిలోనే పెక్కుమంది గ్రహణకాలమును మాత్రము దృగ్గణితమునుండియే గైకొందురు. ఏలయన, గ్రహణమును ఊరంతయు చూచును. తిథి ముగియు వేళను ఎవ్వరును చూడరు. చూడబడు చోట సత్యమును గైకొని, చూడబడని చోట విడుచుట న్యాయమా యని నా విన్నపము. నా మట్టుకు దృగ్గణితమునే అనుసరించుచున్నాను.

అయినను నాకు గణితముకంటె ముఖ్యమైనది ఇంకొకటి. పెద్దవాడనైన పిమ్మట ధర్మశాస్త్ర నిబంధములు చదువుచుండగా ఏకాదశీ ప్రకరణమున ఒక నియమము కంటబడినది. ఉపవాసవిధి ఎనిమిదేండ్లు దాటినవారికి, ఎనుబది నిండనివారికి. నీరు, పాలు, పండ్లు, దుంపలు, ఔషధము పుచ్చుకొనుటచే వ్రతభంగము లేదనియు, అశక్తులకు నక్తము, ఏకభుక్తము మున్నగు మార్గములు గలవనియు పెద్దలు చెప్పియున్నారు. మా నాయనమ్మకు ఎనుబది రెండేండ్లు! ఆమెకు ఆ రెండు దినములలో ఏ యొక్కనాడును ఉపవాసవిధి లేదు. తిథి యెన్ని ఘడియలని ఊరంతయు వాదించినది. ఆమె వయస్సెంత యని అడిగినవా రొక్కరును లేకపోయిరి. ఆ పుట మూసి ఆనాడు నేను చాలసేపు ఊరకుంటిని.

కావున గ్రామపెద్దలకు నా మనవి యిది. ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు అందఱును కూడుదురు గదా. రాజపూజ్యములు, అవమానములు, కందాయఫలములు వినుటతో లేచిపోవలదు. ఆనాడే పురోహితులను కూర్చుండబెట్టి, ఆ యేటి ఏకాదశులలో, పండుగలలో తగులు మిగులు ఎచ్చట వచ్చునో అడుగుడు. ఊరికంతకు ఒక నిర్ణయము చేసి, దానిని ఆలయపు గోడపై వ్రాయింపుడు. వైష్ణవులకు వేఱు దినమైనచో అదియు ప్రక్కనే వ్రాయింపుడు. దాని క్రింద ఇంకొక పంక్తి వ్రాయించుట మఱువకుడు: వృద్ధులకు, బాలురకు, రోగులకు శాస్త్రమే మినహాయింపు నిచ్చినదని.

చంద్రుడు మన తగవులు వినక తన త్రోవను తాను పోవుచునే యుండును. లెక్క మనది, వ్రతము మనది. ఆ వ్రతము పేర మన యింటి పెద్దలెవ్వరును రెండు దినములు పస్తుండకుండ చూచు భారము కూడ మనదే.