పాట ఇంట్లోకి వచ్చిన దారి

ఇంట్లో ఏ వస్తువు ఎప్పుడు వచ్చిందో ఆడవాళ్ళను అడగండి, తడుముకోకుండా చెప్తాం. మిక్సీ వచ్చిన ఏడు, గ్యాసు పొయ్యి వచ్చిన ఏడు మనకు నోటికే ఉంటాయి. పాట ఎప్పుడొచ్చిందంటే మాత్రం కాస్త ఆలోచిస్తాం. అది మన వంటింటి వైపు నుంచి రాలేదు మరి, మగవాళ్ళు కూర్చునే వసారా వైపు నుంచి వచ్చింది.

ఈ మధ్య మా ఇంట్లో స్పీకర్ల బేరం నడిచింది. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి రెండు జతలు తెచ్చి, వారం రోజులు విని ఏది కావాలో చెప్పమన్నాడు. ఒక జత నిలువెత్తు బూర స్పీకర్లు, ఇంకో జత గూట్లో పట్టేంత చిన్న పెట్టెలు. రెండూ ఖరీదైనవే. ప్రొద్దుటూరులో ఏ ఖర్చునైనా బంగారంలోకి మార్చి చూడటం మాకు అలవాటు కదా, ధర వినగానే ఎన్ని తులాలో లెక్కేసుకున్నాను. అంత డబ్బు పెట్టేటప్పుడు వీటి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపించింది.

ముందు పుట్టింది బూర. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు చేస్తే, పదేళ్ళకు బెర్లినర్ గ్రామఫోను తెచ్చాడు. వాటికి కరెంటు లేదు. ముల్లు కదలికను పెద్దది చేసి వినిపించేది ఆ బూరే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి రికార్డిచ్చింది. పాట చివర తన పేరు తానే చెప్పేది. జర్మనీలో రికార్డులు అచ్చుపోసేవాళ్ళకు ఎవరి పాటో తెలియాలి కదా! 1915లో అమెరికాలో జెన్‌సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు బూరకు కరెంటు తగిలించి ఊరంతా వినబడేట్టు చేశారు. మన తిరుణాళ్ళ మైకులది, ఎన్నికల జీపు మైకులది ఆ వంశమే. 1946లో పాల్ క్లిప్ష్ ఆ బూరను పెట్టెలో మడిచి ఇంటి మూలలో నిలబెట్టాడు. గది గోడలనే బూరలో భాగంగా వాడుకున్నాడు. కాస్త పవర్‌కే బోలెడంత శబ్దం రావడం దాని గొప్ప.

చిన్న పెట్టెల కథ వేరు. రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు 1925లో కాగితపు కోను స్పీకరును లోకానికి చూపించారు. 1954లో ఎడ్గర్ విల్చర్ పెట్టెను గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకుని, చిన్న పెట్టెలోంచి కూడా మంద్రం పలికించాడు. 1970ల మొదట్లో బీబీసీ వాళ్ళకు బయటి ప్రసారాల వ్యానులో పెట్టుకోవడానికి చిన్న స్పీకరు కావలసి వచ్చింది. అలా వచ్చిందే ఎల్‌ఎస్ 3/5ఎ. ఎత్తు అడుగే. ఊరిని అదరగొట్టడం దాని పని కాదు, మనిషి గొంతు ఉన్నదున్నట్టు వినిపిస్తే చాలు. కాకపోతే పవర్ బాగా తాగుతుంది. బూరకూ దానికీ ఇరవై డెసిబెల్స్ పైనే తేడా. అంటే అంతే శబ్దం రావాలంటే వంద రెట్లకు పైగా పవర్ ఇవ్వాలి.

ఇక మన సంగతి. తెలుగు మాట రేడియోలో 1938లో మద్రాసు నుంచి, 1948లో విజయవాడ నుంచి వచ్చింది. మా కడపకు ఆకాశవాణి 1963లో వచ్చింది. ఫిలిప్స్ వాళ్ళు క్యాసెట్టును బయటపెట్టిందీ ఆ ఏడే. జమ్మలమడుగులో మా పుట్టింట్లో రేడియో వసారా గూట్లో ఉండేది. నాన్న దాని ఎదురుగా కూర్చునేవాడు. అమ్మ మాత్రం రొట్టెలు తడుతూ గోడ అవతలి నుంచి వినేది. సిలోను నుంచి మీనాక్షీ పొన్నుదురై గొంతు వస్తే తట్టే చెయ్యి ఆగేది. ఎన్నో పాటలు అమ్మకు అలా సగం సగమే తెలుసు.

అందుకే నా పరీక్ష నేను వంటింట్లో నిలబడి పెట్టాను. మొదట ‘మల్లీశ్వరి’ పాటలు. 1951లో ఆ సినిమా తీసిన బి.ఎన్.రెడ్డి మా అత్తగారి పులివెందుల ప్రాంతం వారే. తర్వాత పుట్టపర్తి నారాయణాచార్యుల ‘శివతాండవం’, ఆయన గొంతులోనే. మా ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో రాసిన కావ్యం అది. తాళానికీ మాటకూ అంతకన్నా గట్టి పరీక్ష ఏముంటుంది?

ఎదురుగా కూర్చుంటే బూర జతదే పైచేయి. మృదంగం గుండెకు తగిలింది, మా ఆయన లేవలేదు. వంటింట్లోకి వచ్చేసరికి మాత్రం దబదబలే మిగిలాయి. కారణం ఉంది. మంద్రం గోడలు దాటి మలుపులు తిరుగుతుంది. అక్షరాలకు రూపమిచ్చే సన్నని ధ్వని సూటిగా పోతుంది, మలుపు తిరగలేదు. పైగా మా హాలంతా కడప బండ పరుపు, పడిన శబ్దాన్ని మళ్ళీ ఎగరేస్తుంది. పాత మట్టి మిద్దెల్లో ధాన్యం బస్తాలు, పరుపు చుట్టలు ఆ శబ్దాన్ని తాగేసేవి. చిన్న జత పెట్టినప్పుడు దబదబ తగ్గింది, దూరం నుంచైనా మాట అందింది.

మా అత్తగారికి డెబ్బై ఎనిమిది. చెవులు మందగించాయి. మంచం మీది నుంచే అన్నారు: “శబ్దం ఎంతైనా రానీ మ్మా, మాట తెలియాల గదా. ఆయప్ప ఏం చెప్తాండాడో ఇప్పుడు తెలుస్తాంది.”

“సినిమా చూస్తే పెద్దవే బాగుంటాయి కదమ్మా,” అన్నాడు మా వాడు. నిజమే. సినిమా హాలు లాంటి గది ఉండి, ఎదురుగా తీరిగ్గా కూర్చునేవాళ్ళకు అవే సరి. మా ఇంట్లో ఎక్కువ సేపు వినేది నేనూ అత్తమ్మా. ఇద్దరం ఎదురుగా కూర్చోం.

చిన్న జతే ఉంచుకున్నాం. కింద జంఖానా పరిచాం. టీవీ పక్కన కాకుండా, వంటింటి గుమ్మం వైపు తిప్పి పెట్టించాను. మీరు కొనబోతే కొట్లో సోఫాలో కూర్చుని తేల్చుకోవద్దు. ఇంటికి తెప్పించుకుని, రోజూ మీరు నిలబడే చోట నిలబడి వినండి.