కొర్రమట్ట పిల్లల మీద గాలం

ముసురు ఇయ్యాల ఇడిసేటట్టు లేదు. ఆ మక్కకంకి ఇటు తిప్పు బిడ్డా, మాడుతున్నది. దగ్గరికి జరిగి కూసోన్రి, మన మంజీర ముచ్చట చెప్త.

ఏడుపాయల కాడ ఏరు ఏడుగ చీలుతది గద. సింగూరు డ్యామ్ కట్టకముందు వానకాలమంత ఆ పాయలల్ల నీళ్లు పారేటివి. మాకు గాలాలే లోకం. ఎదురుకట్టె, దారం, బెండు, డబ్బల ఎర్రలు. పరికెలు వడ్డా సంబురమే. కొర్రమట్ట వడితె ఊరంత తిప్పి చూపెట్టేటోళ్లం. 2016ల దాన్నే తెలంగాణ రాష్ట్ర చేప అన్నరు. నాకైతే అది చిన్నప్పుడే రాజు.

నాకు పన్నెండేండ్లు. ఓ మడుగుల తుంగ పక్కపొంటి నీళ్ల మీద ఎర్రగ కనవడ్డది, గుప్పెడు కుంకుమ జల్లినట్టు. వాన లేకున్నా చినుకులు వడ్డట్టు నీళ్లు కదులుతున్నయి. అన్నీ కొర్రమట్ట పిల్లలే, గాలి కోసం పైకొచ్చి మునుగుతున్నయి. కింద పెద్దచేప కావలి ఉంటది. పిల్లల నడుమ ఏది వడ్డా మీదికి దుంకుతది, ఆకలికి గాదు, కోపానికి. అది నాకు ఎరికే. ఎరికుండే కప్పపిల్లను గుచ్చి అండ్లనే ఏసిన. బెండు ఒక్కసారే మునిగింది. మూరెడు చేప.

ఉరికొచ్చి నాయినకు చూపెట్టిన. ఏడ వడ్డదని అడిగిండు. నా చెయ్యి వట్టుకొని మడుగు కాడికి తోల్కవోయి, "కూసో, చూడు" అన్నడు. అంతే.

ఎరుపు ఇటు పగిలింది, అటు పగిలింది. కింద నుంచి జెల్లలు వచ్చి కొరుక్కపోతున్నయి. తుంగల నుంచి నీరుకట్టె పాము జారింది. పొద్దుగూకేటాళ్లకు నీళ్లే మిగిలినయి. నేను ఎక్కెక్కి ఏడ్చిన.

రాత్రి అమ్మ చింతపులుసు వెట్టి చేప వండింది. నాయిన పచ్చిపులుసు పోసుకొని తిన్నడు.

ఇప్పుడు కొందరు కరెంటు వైర్లు వెడ్తున్నరు, తోటాలు పేలుస్తున్నరు. తోటాలు, విషం వద్దని బ్రిటిష్ ఇండియాల 1897లనే చట్టం జేసిన్రు. గాలానికి ఒక్క చేప వడ్తది, తోటాకు గుడ్డు, పిల్ల, తల్లి అన్నీ తేల్తయి. అది చూస్తె నా కడుపుల దేవినట్టయితది.

రేపు ముసురు ఇడిస్తె ఏటికి వోదాం, ఎర్రలు తవ్వి పెట్టున్రి. నీళ్ల మీద ఎర్రగ కనవడితె మాత్రం గాలం సుట్టుకొని ఇంకో మడుగుకు నడుద్దాం.