ఈ అంకెలు ఎవరివి?

మా అబ్బాయి లెక్కల పుస్తకంలో 1, 2, 3లను ‘అరబిక్ న్యూమరల్స్’ అన్నారు. అరబ్బీ టీచరేమో ఇక్కడ కువైట్‌లో కనిపించే అరబ్బీ అంకెలను ‘అర్ఖామ్ హిందియ్యా’, అంటే ఇండియా అంకెలు అన్నారట. “ఇంతకీ ఎవరివమ్మా?” అని అడిగాడు. “మనవే నాన్నా” అనేశాను. బీఎస్సీలో లెక్కలు చదివిన నాకు ఆ జవాబు సగమేనని తెలుసు.

అరబ్బులు మన అంకెలు దొంగిలించి పేరు మార్చారనే సందేశం మన వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంటుంది. జరిగింది వేరు.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో లెక్కలు చేసే సూత్రాలు రాశాడు. 770ల్లో సింధు ప్రాంతం నుంచి వెళ్లిన బృందం మన ఖగోళ గణితాన్ని బాగ్దాద్‌లో ఖలీఫా అల్ మన్సూర్ ఆస్థానానికి చేర్చింది. అక్కడ దాన్ని అరబ్బీలోకి తెచ్చారు. తర్వాతి శతాబ్దంలో అదే నగరంలో అల్ ఖ్వారిజ్మీ ఈ అంకెలతో లెక్కించే పద్ధతిపై పుస్తకం రాసి, వాటిని భారతీయుల అంకెలనే చెప్పాడు. అరబ్బీ మూలం పోయింది, లాటిన్ అనువాదం మిగిలింది. ‘అల్గారిథమ్’ అనే మాట ఆయన పేరు నుంచే వచ్చింది. యూరప్‌కు ఈ అంకెలు అరబ్బుల ద్వారా అందాయి కాబట్టి అక్కడ ‘అరబిక్’ అన్న పేరు స్థిరపడింది.

అలాగని బాగ్దాద్ పండితులు మోసుకెళ్లినవాళ్లు మాత్రమే కాదు. సుమారు 820లో ఖ్వారిజ్మీ రాసిన మరో పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచే ఆల్జీబ్రా వచ్చింది. విరిగినదాన్ని అతికించడం అని దాని అర్థం. సమీకరణంలో తీసివేతగా ఉన్నదాన్ని రెండో వైపు కూడికగా చేర్చడమే ఆ అతికింపు. అందులోని ఒక లెక్క: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39. సంఖ్య ఎంత? పదిలో సగం 5. దాని వర్గం 25ను 39కి కలిపితే 64. దాని వర్గమూలం 8లోంచి 5 తీసేస్తే 3. ఇలా ఎందుకు చేయాలో చతురస్రాలు గీసి నిరూపించాడు. మా అబ్బాయి గళ్ల కాగితం మీద గీసుకుని సరిచూశాడు.

ఇంకో మాట చూడండి. మన గణితజ్ఞుల ‘జ్యా’, ‘జీవా’ అరబ్బీలో ‘జీబ్’ అయింది. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. దాంతో 12వ శతాబ్దంలో లాటిన్ అనువాదకులు దాన్ని ‘జైబ్’ అని చదివారు. బట్టలో మడత అని అర్థం చేసుకుని ‘సైనస్’ అని రాశారు. పిల్లలు చదివే ‘సైన్’ అదే. మనం తెలుగులో వాడే ‘జేబు’ కూడా ఆ ‘జైబే’!

అబ్బాయికి నా జవాబు సరిదిద్దాను: “పుట్టింది మన దగ్గర. లోకమంతా తిప్పింది వాళ్లు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో దాచలేదు కూడా. ఆ అరబ్బీ అంకెలను మీ టీచర్ ఇప్పటికీ మన పేరుతోనే పిలుస్తున్నారుగా!”